రెండో రౌండ్‌లో దమ్ము అయిపోతోందంటే ఊపిరితిత్తులు బలహీనమనేనా?

అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు దాన్ని నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ అబ్బాయికి 17 ఏళ్లు. నాలుగేళ్లుగా తైక్వాండో నేర్చుకుంటున్నాడు, చంద్రగిరి నుంచి రోజూ తిరుపతికి ప్రాక్టీసుకు వస్తాడు. మొదటి రౌండ్ బ్రహ్మాండంగా ఆడతాడు. రెండో రౌండ్ సగానికి నోరు తెరిచి రొప్పుతాడు, చేతులు కిందికి జారిపోతాయి. మూడో రౌండ్ దాకా వెళ్తే ఓటమే. మాస్టర్ ‘లంగ్స్ వీక్’ అన్నారు. మీరు భయపడి ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తే అంతా నార్మల్ అని వచ్చింది. ఇప్పుడు ఒకరు ఊపిరికి అడ్డం పెట్టే ట్రైనింగ్ మాస్క్ కొనమంటున్నారు, ఇంకొకరు రోజూ అలిపిరి మెట్లు ఎక్కించమంటున్నారు. కరోనా నాటి మూడు బంతుల పరికరం ఇంట్లో ఉంది, అది ఊదిస్తే సరిపోతుందా అని కూడా అడిగారు. చివర్లో, మాటవరసకు అన్నట్టు, పోటీకి ముందు నాలుగు రోజుల్లో మూడు కిలోలు తగ్గిస్తాడని రాశారు.

నేను తిరుపతిలో 20 ఏళ్లకు పైగా ఛాతీ ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఆపరేషన్ అయినవాళ్లకు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి తీసుకోవడం నేర్పించడమే నా పని. అంతకు ముందు తొమ్మిదేళ్లు కరాటే చేశాను. మీ అబ్బాయికి వచ్చిన ఇబ్బందే నాకూ వచ్చింది, నాకూ ఇదే మాట చెప్పారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మొదట మీ చేతిలో ఉన్న రిపోర్టు. అందులో ఎఫ్‌వీసీ 4.1 లీటర్లు అని ఉంది. గుండెల నిండా పీల్చి, ఇక వదలడానికేమీ లేదనేదాకా బలంగా ఊదితే బయటికి వచ్చిన మొత్తం గాలి అది. ఎఫ్‌ఈవీ1 3.5 లీటర్లు. అంటే ఆ గాలిలో మొదటి ఒక్క సెకనులో వచ్చిన భాగం. రెండింటి నిష్పత్తి 85 శాతం. గాలి వెళ్లే గొట్టాలు ఇరుకుగా ఉంటే ఈ నిష్పత్తి తగ్గుతుంది, ఊపిరితిత్తుల సంచే చిన్నదైతే ఎఫ్‌వీసీ తగ్గుతుంది. మీవాడికి రెండూ తగ్గలేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఎఫ్‌ఈవీ1ను 40తో గుణిస్తే, ఒక మనిషి గట్టిగా ప్రయత్నిస్తే నిమిషానికి సుమారు ఎంత గాలి ఆడించగలడో తెలుస్తుంది. ఛాతీ విభాగాల్లో ఎప్పటినుంచో వాడుతున్న అంచనా ఇది. 3.5ను 40తో గుణిస్తే 140 లీటర్లు. మీవాడిలా 58 కిలోల బరువున్న కుర్రాడు ఒళ్లు దాచుకోకుండా ఆడినా నిమిషానికి నూరు లీటర్ల చుట్టుపక్కలే అవసరమవుతుంది. ఊరికే కూర్చున్నప్పుడైతే ఆరేడు లీటర్లు చాలు. అంటే సంచిలో చోటు మిగిలే ఉంది, గొట్టాలు తెరిచే ఉన్నాయి. ‘లంగ్స్ వీక్’ అనే మాట ఆ పిల్లాడి మనసులోంచి తీసేయండి. ఆ వయసులో అలాంటి మాట పట్టుకుందంటే బరిలోకి దిగకముందే ఆయాసం మొదలవుతుంది.

అయితే ఆ పరీక్షకు కనిపించనిది ఒకటుంది. ఊపిరితిత్తి తనంతట తాను కదలదు. దాన్ని లాగేది, నొక్కేది కండరాలు. పక్కటెముకల కింద గొడుగులా పరుచుకున్న ఉదరవితానం, అంటే డయాఫ్రం, కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది. పక్కటెముకల మధ్య కండరాలు, మెడ పక్క కండరాలు దానికి తోడు. నెమ్మదిగా ఉన్నప్పుడు గాలి బయటికి పోవడానికి ఏ కండరమూ కష్టపడనక్కర్లేదు, సాగిన ఊపిరితిత్తి తనే వెనక్కి ముడుచుకుంటుంది. కొట్లాటలో అలా కాదు. అప్పుడు పొట్ట కండరాలు బిగిసి గాలిని బయటికి తోయాలి. ఒకే సమయంలో అవే పొట్ట కండరాలు కాలు ఎత్తడానికి కావాలి, నడుము తిప్పడానికి కావాలి, అవతలివాడి దెబ్బ కాయడానికి కావాలి. పరుగు పందెం వాడికి లేని కష్టం ఇది. యుద్ధకళలు నేర్చుకునే పిల్లల్లో ఊపిరి సంగతి వేరుగా చూడాలని నేననేది ఇందుకే.

ఈ కండరాలు అలిసిపోతే ఏమవుతుందో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జెరోమ్ డెంప్సీ బృందం 1990లలో చూపించింది. సైకిల్ తొక్కేవాళ్లను పూర్తి శక్తితో తొక్కించి, ఊపిరి తీసుకునే శ్రమలో కొంత యంత్రానికి అప్పజెప్పారు. వెంటనే కాళ్లకు రక్త ప్రవాహం పెరిగింది. ఊపిరికి అడ్డం పెట్టి శ్రమ పెంచితే కాళ్లకు వెళ్లే రక్తం తగ్గింది. గట్టి శ్రమలో శరీరం వాడే ఆక్సిజన్‌లో పదో వంతు ఊపిరి కండరాలే తీసుకుంటాయి, బాగా తర్ఫీదు పొందిన ఆటగాళ్లలో అది 15 శాతం దాకా వెళ్తుంది. ఊపిరి ఆగితే ప్రాణమే పోతుంది కాబట్టి శరీరం ముందు ఆ కండరాలకు పెట్టి, మిగిలింది కాళ్లకు ఇస్తుంది. ఇవి నిమిషాల తరబడి సాగే సైకిల్ పరీక్షలు. మీవాడిది రెండేసి నిమిషాల రౌండ్లు, మధ్యలో ఒక నిమిషం విరామం. రెండూ ఒకటే అని చెప్పను. కానీ రెండో రౌండ్‌లో కాలు తల ఎత్తుకు లేవకపోవడంలో దీనికీ ఒక వాటా ఉందని నా నమ్మకం.

ఆ కండరాల బలాన్ని కొలిచే పరీక్ష వేరే ఉంది. పీల్చే బలాన్ని ఎంఐపీ అంటారు, వదిలే బలాన్ని ఎంఈపీ అంటారు. ముక్కుకు క్లిప్పు పెట్టి, దాదాపు మూసేసిన గొట్టంలోంచి బలమంతా పెట్టి పీల్చమంటారు. ఎంత గుంజగలిగాడో సెంటీమీటర్ల నీటి పీడనంలో వస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇలా చెప్తాను: నిలువుగా పెట్టిన స్ట్రాలో నీళ్లను మీటరు ఎత్తుకు లాగగలిగితే నీ బలం 100. పెద్దవాళ్లలో మగవాళ్లకు 80 దాటితే చెప్పుకోదగ్గ బలహీనత లేదని డాక్టర్లు అనుకుంటారు. బుగ్గలతో లాగి మోసం చేయకుండా గొట్టానికి రెండు మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉంటుంది. లాగిన పట్టు కనీసం ఒకటిన్నర సెకను నిలబడాలి. మొదటి రోజు అందరికీ తక్కువే వస్తుంది, ఎందుకంటే ఎలా లాగాలో తెలియదు. అందుకని రెండు మూడు రోజులు చేయించి, మంచి అంకెనే మొదలుగా పట్టుకోవాలి. లేకపోతే వారంలోనే 20 శాతం పెరిగిందని సంబరపడతారు. పెరిగింది బలం కాదు, అలవాటు.

తిరుపతిలో స్విమ్స్, రుయా లాంటి పెద్ద ఆసుపత్రుల్లో స్పైరోమెట్రీ, అంటే మీవాడికి చేసిన ఆ ఊదే పరీక్ష, దొరుకుతుంది. ఎంఐపీ మీటరు మాత్రం అన్నిచోట్లా ఉండదు, ఫోన్ చేసి కనుక్కొని వెళ్లండి. ఎక్కడ చేయించినా చెప్పులు విప్పించి, గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారా లేదా చూడండి. శాతాలన్నీ వయసు, ఎత్తు, ఆడా మగా అనేవాటి మీద లెక్క కడతారు. ఒకసారి ఒక ల్యాబులో కరాటే నేర్చుకునే అమ్మాయిని ఎత్తెంతో నోటితోనే అడిగి రాసుకున్నారు. తను చెప్పింది నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. పైగా సరిగ్గా నిండా పీల్చకముందే ఊదించారు. ‘ఊపిరితిత్తి సాగడం లేదు’ అని రిపోర్టు వచ్చింది. ఆ పిల్ల రెండు నెలలు ప్రాక్టీసు మానేసింది. మళ్లీ సరిగ్గా చేయిస్తే ఏ లోపమూ లేదు. ఆ రెండు నెలలు ఆ ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు.

ఇక్కడ ఎంఐపీ పరీక్షలో ఒక సంగతి మీరు బాగా పట్టుకోవాలి. దాన్ని చేసేముందు ఉన్న గాలంతా వదిలేయమంటారు. అప్పుడే ఉదరవితానం పైకి లేచి, పొడుగ్గా సాగి ఉంటుంది. సాగిన కండరమే బలంగా లాగుతుంది. గాలి నిండుగా ఉన్నప్పుడు అదే కండరం పొట్టిగా, చదునుగా అయిపోయి సగం బలం కూడా చూపించలేదు. అంటే ఊపిరి పీల్చే బలం ముందు ఊపిరి వదలడంలో ఉంది. నేను ఇన్నేళ్లలో చూసిన ‘దమ్ము చాలని’ కుర్రాళ్లలో ఎక్కువమందికి పీల్చడం రాక కాదు, వదలకపోవడం వల్ల ఇబ్బంది.

నా సంగతే చెప్తాను. నాకు 19 ఏళ్లప్పుడు చిత్తూరులో జరిగిన ఒక పోటీలో సగం బౌట్ అయ్యేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. మా మాస్టర్ నా ఊపిరితిత్తులు చిన్నవని తేల్చి, ముక్కుకూ నోటికీ తడి తుండుగుడ్డ కట్టి గ్రౌండు చుట్టూ పరుగెత్తించేవారు. నాతో పరుగెత్తిన ఒక పిల్లాడు కళ్లు తిరిగి పడిపోయాడు. అది తప్పని చెప్పే ధైర్యం అప్పుడు మాకెవరికీ లేదు. ఇవాళ ఏ పిల్లాడికైనా ఎవరైనా అలా గుడ్డ కట్టిస్తుంటే నేను ఊరుకోను. తర్వాత ఫిజియోథెరపీ చదువులో మేమే ఒకరికొకరం స్పైరోమెట్రీ చేసుకుంటే, క్లాసులో మంచి అంకెలు వచ్చినవాళ్లలో నేనొకణ్ని. మరి లోపం ఎక్కడ? ఒక స్నేహితుడు తీసిన నా పాత బౌట్ వీడియోలో దొరికింది. వరసగా నాలుగు దెబ్బలు వేసేంతసేపూ నా నోరు గట్టిగా మూసుకొని ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. తర్వాత ఒక్కసారిగా గుటక వేసినట్టు గాలి పీల్చుకున్నాను. లోపల ఉన్నది వదలకుండానే దాని మీద ఇంకొంత. అలా మూడుసార్లు జరిగేసరికి ఛాతీ నిండిపోయి, ఇంకా లాగుదామంటే కండరానికి చోటే లేదు. గాలి నిండుగా ఉండి కూడా గాలి అందనట్టు ఉండటం అదే.

దానికి తోడు, గొంతు బిగించి ఊపిరి ఆపితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది. ఊపిరి కావాలనే తహతహ పుట్టించేది ఎక్కువగా అదే. దెబ్బ తగిలే క్షణంలో పొట్ట బిగించడం అవసరమే. అది అరసెకను పని. నాలుగు సెకన్లు బిగబట్టడం వేరు.

కాబట్టి ఏదీ కొనకముందు ఒక పని చేయండి. రేపటి స్పారింగ్‌ను, అంటే జోడీతో ఆడే ప్రాక్టీసు ఆటను, ఫోన్‌లో తీయండి, దగ్గరగా, ముఖమూ భుజాలూ కనపడేలా. ఇంటికొచ్చి మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి. దాడి చేసేటప్పుడు పెదాలు మూసుకుంటున్నాయా, రొప్పేటప్పుడు భుజాలు చెవుల దాకా లేస్తున్నాయా, పొట్ట కదులుతోందా. రెండోసారి సౌండ్ పెట్టి, ప్రతి కిక్కుకూ ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తోందో లేదో లెక్కపెట్టండి. పది కిక్కుల్లో మూడింటికే వినిపిస్తే మీకు సగం జవాబు దొరికినట్టే.

పెద్దలు తైక్వాండోలో కిహాప్, కరాటేలో కియాయ్ అని అరిపించింది ఊరికే భయపెట్టడానికి కాదు. ఆ అరుపులో పొట్ట బిగుస్తుంది, ఉదరవితానం పైకి లేస్తుంది, గాలి పోతుంది. తర్వాతి ఊపిరి దానంతట అదే లోపలికి వస్తుంది. పోటీలో ప్రతి దెబ్బకూ అరవక్కర్లేదు, పళ్ల మధ్యనుంచి ‘స్స్’ అని వదిలినా చాలు. మొదట నెమ్మదిగా మొదలుపెట్టించండి: ప్యాడ్ మీద ఒక్క కిక్కు, ఒక్క ‘స్స్’. వారం తర్వాత మూడు కిక్కులు, మూడు ‘స్స్’లు. అది ఆలోచించకుండా వచ్చేశాకే రెండు నిమిషాల రౌండులో పెట్టాలి. ముందే వేగంగా చేయిస్తే పాత అలవాటే తిరిగొస్తుంది. రాత్రి పడుకునేముందు ఐదు నిమిషాలు మకరాసనంలో బోర్లా పడుకోమనండి. పొట్ట నేలను నొక్కడం తెలుస్తుంది, అదే ఉదరవితానం కదలిక. వదలడం చివరిదాకా వదిలి, పీల్చడం మాత్రం తొందరపడకుండా రానివ్వాలి. కరాటేలో సాన్‌చిన్ కటా (ఊపిరితో కలిపి నిదానంగా చేసే కదలికల వరస) చేసేవాళ్లకు ఈ రుచి ముందే తెలిసి ఉంటుంది, అయితే అంత నిదానంగా పోటీలో ఊపిరి తీయడం కుదరదు, నేర్చుకోవడానికే అది.

విరామంలో వచ్చే ఆ ఒక్క నిమిషం గురించి. చాలామంది మాస్టర్లు ‘నిటారుగా నిలబడు, చేతులు తల మీద పెట్టు’ అంటారు. వంగితే ఓడినట్టు కనిపిస్తుందని వాళ్ల బాధ. కానీ 2019లో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో, మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగినప్పుడే గుండె వేగం త్వరగా దిగింది. వంగినప్పుడు ఉదరవితానం మళ్లీ గొడుగులా పైకి లేస్తుంది, చేతుల ఆసరాతో ఛాతీ బరువు తగ్గుతుంది. మనకు ఇది కొత్త కాదు. తిరుమల నడక దారిలో మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి జనం ఎవరూ చెప్పకుండానే మోకాళ్ల మీద చేతులు ఆనించి ఎక్కుతారు. శరీరానికి తెలుసు. కుర్చీ ఇస్తే కూర్చొని, మోచేతులు తొడల మీద ఆనించి, నోటితో పొడుగ్గా వదలమనండి. మొదటి 20 సెకన్లు వాడితో ఎవరూ మాట్లాడొద్దు. సలహాలు తర్వాత.

ఇంకొకటి, ఛాతీకి కట్టే హోగు. వెనక తాళ్లు బిగించేటప్పుడు పిల్లలు ఊపిరి వదిలి నిలబడతారు, కట్టేవాడు గట్టిగా లాగేస్తాడు. ఆ తర్వాత పక్కటెముకలకు తెరుచుకోవడానికి చోటుండదు. నిండా పీల్చమని చెప్పి, ఆ కొలతకు కట్టండి. పళ్లకు పెట్టే గార్డు కూడా సరిగ్గా కూర్చోకపోతే దాన్ని జారకుండా పట్టుకోవడానికే నోరు బిగిస్తారు. ఈ రెండూ సరిచేయడానికి ఖర్చు పెద్దగా ఉండదు.

ఇప్పుడు పరికరాల దగ్గరికి వద్దాం. ముందు, మీ మూడు బంతుల పరికరం ఊదేది కాదు అన్నా, పీల్చేది. ఆపరేషన్ తర్వాత, న్యుమోనియా తర్వాత మూలల్లో ముడుచుకున్న ఊపిరితిత్తి తెరుచుకోవడానికి ఇస్తాం. బంతులు లేవడం గాలి వేగాన్ని చూపిస్తుందే గానీ కండరానికి బరువు పెట్టదు. మీవాడు మొదటి రోజే మూడూ లేపేస్తాడు. అక్కడితో దాని పని అయిపోయింది. బుడగలు ఊదించడం కూడా అంతే.

మాస్క్ అమ్మేవాళ్లు ‘కొండ మీద ఉన్నట్టు శిక్షణ’ అంటారు. కొండల మీద గాలి పీడనం తక్కువ, అందుకే ఆక్సిజన్ తక్కువ అందుతుంది. మాస్క్ గాలి పీడనాన్ని మార్చలేదు, రంధ్రాలు చిన్నవి చేసి గాలి రాకను ఇరుకు చేస్తుంది, అంతే. ఎంత బరువు పెడుతోందో కొలత ఉండదు. వేసుకున్నవాడు నెమ్మదిస్తాడు, కిక్కుల పదును పోతుంది. మా కాలపు తడిగుడ్డకు ఇది ఖరీదైన రూపం. కొనకండి.

నిజంగా ఊపిరి కండరాలకు బరువు పెట్టే పరికరం ఒకటుంది. స్ప్రింగు ఉన్న చిన్న గొట్టం. పెట్టిన బరువును మించి లాగితేనే తలుపు తెరుచుకొని గాలి వస్తుంది. ఎంఐపీ కొలిచి, అందులో సగం దగ్గర పెట్టి, పూటకు 30 ఊపిరులు, రోజుకు రెండు పూటలు, ఆరు వారాలు చేయించడం పేరుబడ్డ పద్ధతి. 30 సులువైపోతే స్ప్రింగు బిగించాలి. ఇలా చేస్తే ఎంఐపీ పెరగడం చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఊపిరితిత్తుల పరిమాణం మాత్రం పెరగదు. పోటీలో లాభం ఎంత అంటే, పడవ తెడ్డు వేసేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్ల లాంటి దీర్ఘ శ్రమ ఆటల్లో కొన్నిచోట్ల స్పష్టంగా కనిపించింది, కొన్నిచోట్ల కనిపించలేదు. యుద్ధకళల్లో జరిగిన పరీక్షలు చిన్నవి, వాటిని చూపించి నేను ఎవరికీ పతకం మాటివ్వను. నా అభిప్రాయం అడిగితే: ఊపిరి వదలడం నేర్చుకున్న తర్వాత, ఎంఐపీ తక్కువ ఉందని తేలితే, అప్పుడు కొనండి. ఊపిరి బిగబట్టే అలవాటున్న పిల్లాడికి ఇది ఇస్తే బలంగా బిగబడతాడు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన జబ్బు ఎప్పుడైనా వచ్చినవాళ్లు, పక్కటెముక విరిగినవాళ్లు, కర్ణభేరికి చిల్లు పడినవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

ఖర్చు లేని దారి కూడా ఉంది. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో 16 వారాలు సిట్-అప్స్, చేతులతో బరువులెత్తే వ్యాయామం చేయిస్తే ఉదరవితానం మందం పెరిగింది, ఎంఐపీ, ఎంఈపీ రెండూ పెరిగాయి. ఊపిరి కండరాలకు పని పడాలంటే నోట్లో గొట్టమే ఉండాలని లేదు. ప్రాణాయామం గురించి కూడా అడుగుతారని తెలుసు. కపాలభాతిలో పొట్టతో గాలిని తోయడం అలవాటవుతుంది, నాడీశోధనతో పోటీ ముందు మనసు కుదుటపడుతుంది. ఆ రెండింటికీ నేను నా పిల్లలతో చేయిస్తాను. కండరం బలానికి మాత్రం బరువు కావాలి.

అలిపిరి మెట్లు 3,550. శ్రీవారి మెట్టు దారిలో 2,388. గుండెకు, తొడలకు ఇంతకంటే మంచి వ్యాయామం మన ఊళ్లో లేదు, అందులో సందేహం లేదు. అయితే రోజూ వద్దు. వారానికి ఒక్కసారి, మాట్లాడుతూ ఎక్కగలిగే వేగంతో, వీలైనంతవరకు ముక్కుతోనే గాలి తీసుకుంటూ. తిరుమల ఎత్తు ఊపిరి శిక్షణకు ఉపయోగపడుతుందనుకోకండి, అది సుమారు మూడు వేల అడుగులే. ఎత్తు శిక్షణ అని ఆటగాళ్లు వెళ్లేది దానికి రెండింతలు, అంతకు మించిన ఎత్తుకు. దిగేటప్పుడు బస్సులో రండి, పోటీల కాలంలో మెట్లు దిగితే తొడ కండరాలు మూడు రోజులు పట్టేస్తాయి. వన్యమృగాల వల్ల నడకదారిలో వేళల నిబంధనలు పెడుతుంటారు, అవి చూసుకోండి. భక్తుల మధ్య పరుగులు వద్దు. బౌట్‌లాంటి దమ్ము మాత్రం బౌట్‌లాంటి పనితోనే వస్తుంది: రెండు నిమిషాలు ప్యాడ్, ఒక నిమిషం విరామం, నాలుగైదుసార్లు, వారానికి రెండు రోజులు.

రిపోర్టు నార్మల్ వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలున్నాయి. బౌట్ అయిపోయిన ఐదు పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉంటే అది శ్రమతో గొట్టాలు ముడుచుకునే జబ్బు కావచ్చు. కూర్చొని ఊదే పరీక్షలో అది దొరకదు. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు గట్టిగా పరుగెత్తించి, తర్వాత మళ్లీ మళ్లీ ఊదిస్తే ఎఫ్‌ఈవీ1 10 శాతం లేదా అంతకంటే పడిపోతుంది. దానికి మంచి మందులున్నాయి, బాగా వార్మప్ చేసినా చాలామందికి తగ్గుతుంది. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు డోపింగ్ నిబంధనల్లో ఒక పరిమితి దాకా అనుమతి ఉంది, కానీ పక్కవాడిది తీసుకొని పీల్చేయడం వద్దు. అలా కాక, శ్రమ మధ్యలోనే పీల్చేటప్పుడు గొంతులో కీచుమనే శబ్దం వచ్చి, ఆగిన కొద్ది నిమిషాల్లో పోతే అది గొంతు దగ్గర ఇరుకు, ఇన్‌హేలర్‌కు లొంగదు. ఆటలో కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉన్నా ముందు గుండె డాక్టరు, తర్వాతే ఆట. ఛాతీకి దెబ్బ తగిలాక ఒక పక్క పొడిచినట్టు నొప్పితో ఆయాసం వస్తే అదే నిమిషం ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, పొడుగ్గా సన్నగా ఉండే కుర్రాళ్లయితే మరీను. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష. ఒకసారి హిమోగ్లోబిన్ కూడా చూపించండి. రక్తం తక్కువైతే ఊపిరితిత్తులు ఎంత బాగున్నా ఆయాసమే. ఇది చదివే ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ మాట మరీ మరీ చెప్తున్నాను, నా దగ్గరికి ‘లంగ్స్ వీక్’ అని వచ్చిన అమ్మాయిల్లో ఎందరికో కావలసింది ఐరన్.

చివరికి, మీరు మాటవరసకు రాసిన మూడు కిలోలు. 58 కిలోల పిల్లాడు నాలుగు రోజుల్లో 55కు వస్తున్నాడంటే ఐదు శాతం పైనే తగ్గిస్తున్నాడు. నాలుగు రోజుల్లో పోయేది కొవ్వు కాదు, చాలావరకు నీళ్లు, కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం. రెండు శాతం నీళ్లు తగ్గితేనే దమ్ము తగ్గుతుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. రక్తం పలచటి భాగం తగ్గి, గుండె ఒక్కో కొట్టుకు తక్కువ రక్తం పంపుతుంది, దాన్ని పూడ్చడానికి వేగం పెంచుతుంది. ఊపిరి వేగం కూడా దానితోపాటే పెరుగుతుంది. మొదటి రౌండ్ ఉత్సాహంతో గడిచిపోతుంది. రెండో రౌండ్‌లో ఏం జరుగుతుందో మీరే చూస్తున్నారు.

అందుకే ఒకటి అడుగుతాను అన్నా. ప్రాక్టీసులో, బరువు తగ్గించని రోజుల్లో, ఇదే పిల్లాడు మూడు రౌండ్లు ఆడితే ఎలా ఉంటాడు? బాగానే ఆడుతున్నాడంటే మీవాడికి కావలసింది పరికరం కాదు, పై వెయిట్ కేటగిరీ. ఇంకా ఎదిగే వయసు, ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టి పరుగెత్తించడం, నీళ్లు మానిపించడం ఈ రోజే ఆపేయండి. ప్రాక్టీసులో కూడా రెండో రౌండ్‌కే రొప్పుతుంటే వీడియో తీసి, కిక్కులకు ఊపిరి చప్పుడు లెక్కపెట్టి, హిమోగ్లోబిన్ అంకెతో పాటు ఇక్కడే రాయండి. ఎంఐపీ కొలిపించాలా వద్దా అనేది అవి చూసి చెప్తాను.